పరిమితి మించిన ప్యాకెట్లు వచ్చినప్పుడు నెట్‌వర్క్ డ్రైవర్ ఏం చేయాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పుట ముఖ్యంగా ఈథర్‌నెట్ డ్రైవర్లు రాసేవారి కోసం, వాటిని సమీక్షించేవారి కోసం తయారైంది. ఉదాహరణలు ఎక్కువగా లినక్స్ కెర్నల్ నుంచి తీసుకున్నవే అయినా, అసలు సమస్య ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఒక్కటే. తీగ మీద ఎంత పొడవైన ఫ్రేమ్ (ఈథర్‌నెట్ హెడర్‌తో కూడిన ప్యాకెట్) రావాలో నిర్ణయించేది అవతలి యంత్రం. దాన్ని పెట్టడానికి ఎంత చోటు ఉందో తెలిసినది మన డ్రైవర్‌కు మాత్రమే.

పరిమితి మించిన ప్యాకెట్ అని దేన్ని అంటారు?

ఈ ప్రశ్నకు ఒకే సమాధానం లేకపోవడం వల్లే సగం గందరగోళం పుడుతోంది. ఒక డ్రైవర్ దృష్టిలో మూడు వేర్వేరు పరిమితులు ఉంటాయి. మొదటిది ఇంటర్‌ఫేస్‌కు నిర్వాహకుడు పెట్టిన ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌లో పంపగల గరిష్ఠ డేటా పొడవు. మామూలు ఈథర్‌నెట్‌లో అది 1500 బైట్లు, ఇందులో లింక్ లేయర్ హెడర్ కలవదు. రెండవది కార్డు తన రిజిస్టర్‌లో పెట్టుకున్న గరిష్ఠ ఫ్రేమ్ పొడవు. మూడవది ఫ్రేమ్‌ను దించుకోవడానికి డ్రైవర్ మెమరీలో కేటాయించిన బఫర్ పొడవు.

1500 బైట్ల డేటాకు 14 బైట్ల ఈథర్‌నెట్ హెడర్, చివర 4 బైట్ల ఎఫ్‌సీఎస్ (ఫ్రేమ్ పాడైందో లేదో సరిచూసే అంకె) కలిస్తే తీగ మీద 1518 బైట్ల ఫ్రేమ్ అవుతుంది. వీల్యాన్ ట్యాగ్ (ఒకే తీగ మీద నడిచే వేర్వేరు నెట్‌వర్క్‌లను వేరుచేసే 4 బైట్ల గుర్తు) ఉంటే 1522 అవుతుంది. 1519 బైట్ల ఫ్రేమ్ వచ్చిందంటే ట్యాగ్ లేనిదైతే అది ఎంటీయూను మించింది, ట్యాగ్ ఉన్నదైతే మించలేదు. అదే ఫ్రేమ్ 2048 బైట్ల బఫర్‌లో హాయిగా పడుతుంది. అందువల్ల ఎవరైనా "పెద్ద ప్యాకెట్ వచ్చింది" అన్నప్పుడు, ఏ పరిమితి కన్నా పెద్దదో ముందుగా అడగడం మంచిది. ఎంటీయూను మించడం విధానానికి సంబంధించిన విషయం. బఫర్‌ను మించడం మెమరీ భద్రతకు సంబంధించిన విషయం. మొదటిదానిలో కొంత సడలింపు ఉండవచ్చు, రెండవదానిలో ఉండరాదు.

ఎంటీయూ అంటే పంపేటప్పటి పరిమితి కదా? వచ్చే ప్యాకెట్లకు అదెలా వర్తిస్తుంది?

పేరును బట్టి చూస్తే అది పంపేటప్పటి పరిమితే. రెండు యంత్రాలను నేరుగా కలిపే పీపీపీ ప్రోటోకాల్‌లో స్వీకరించే పరిమితికి ఎంఆర్‌యూ అని వేరే పేరు ఉంది, రెండు కొసలూ దాని గురించి మాట్లాడుకుని ఒప్పందానికి వస్తాయి. ఈథర్‌నెట్‌లో అలాంటి ఒప్పందం జరగదు. ఒక సెగ్మెంట్ మీద (మధ్యలో రౌటర్ లేని ఒకే నెట్‌వర్క్ మీద) ఉన్న యంత్రాలన్నీ ఒకే ఎంటీయూ పెట్టుకుంటాయన్న నమ్మకం మీదే అది నడుస్తుంది.

లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ ఎంటీయూ రెండు దిశలకూ సమానంగా వర్తిస్తుందని చెబుతుంది. అయితే ఆ సమానత్వానికి అర్థం జాగ్రత్తగా గ్రహించాలి. ఎంటీయూ అనుమతించిన అత్యంత పెద్ద ప్యాకెట్‌ను పరికరం తప్పనిసరిగా అందుకోగలగాలి. అంటే స్వీకరించే వైపున ఎంటీయూ ఒక కనీస హామీ. అంతకన్నా పెద్దవాటిని అందుకుని తీరాలని ఎవరూ అడగలేదు, అందుకోవడం నేరమనీ చెప్పలేదు. బఫర్ల పొడవు లెక్కించడానికి ఎంటీయూను ఆధారంగా తీసుకునే స్వేచ్ఛ కూడా డ్రైవర్‌కు ఉంది.

అలాంటి ప్యాకెట్ వస్తే డ్రైవర్ ముందున్న దారులు ఏమిటి? వాటిలో ఏది సరైనది?

మూడు దారులున్నాయి: ప్యాకెట్‌ను పూర్తిగా డ్రాప్ చేయడం, పట్టినంత మేరకు కత్తిరించి పైకి పంపడం, ఉన్నది ఉన్నట్టుగా పైకి పంపడం. కెర్నల్ డాక్యుమెంటేషన్ మూడింటినీ అనుమతిస్తూనే డ్రాప్ చేయడం మేలని స్పష్టంగా చెబుతుంది. నా అభిప్రాయమూ అదే, ఇంకొంచెం గట్టిగా. కత్తిరించే దారిని కొత్త డ్రైవర్ ఏదీ ఎంచుకోకూడదు. ఉన్నది ఉన్నట్టుగా పైకి పంపడం కొన్ని షరతులతో సహించదగినది. మొత్తం ఫ్రేమ్‌ను, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా, వదిలేసి కౌంటర్‌ను ఒకటి పెంచడమే ఎల్లప్పుడూ సురక్షితమైన పని.

కత్తిరించి పంపితే వచ్చే నష్టం ఏమిటి? పై లేయర్లు ఎలాగూ తనిఖీ చేస్తాయి కదా?

ఐపీ ప్యాకెట్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. ఐపీ హెడర్‌లో రాసిన మొత్తం పొడవు కన్నా చేతికందిన డేటా తక్కువగా ఉంటే లినక్స్ ఆ ప్యాకెట్‌ను వదిలేస్తుంది, కత్తిరింపుకు గురైన ప్యాకెట్ల కోసం విడిగా ఉన్న కౌంటర్‌ను పెంచుతుంది. కానీ ఈథర్‌నెట్ మీద ప్రయాణించేవన్నీ ఐపీ ప్యాకెట్లు కావు. తన పొడవు తన హెడర్‌లో రాసుకోని ప్రోటోకాల్ ఏదైనా ఉంటే, తోక తెగిన ఫ్రేమ్‌కూ మంచి ఫ్రేమ్‌కూ తేడా కనిపెట్టే మార్గం దానికి ఉండదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఆ యంత్రం బ్రిడ్జ్‌గా పనిచేస్తున్నప్పుడు వస్తుంది. కార్డు ఫ్రేమ్‌ను అందుకున్నప్పుడు ఎఫ్‌సీఎస్ సరిచూసి తీసేస్తుంది. డ్రైవర్ దాన్ని కత్తిరించి బ్రిడ్జ్‌కు అప్పగిస్తుంది. బ్రిడ్జ్ దాన్ని ఇంకో పోర్టు నుంచి పంపేటప్పుడు ఆ పోర్టులోని కార్డు మిగిలిన ముక్కకు కొత్తగా ఎఫ్‌సీఎస్ లెక్కగట్టి అంటిస్తుంది. ఇప్పుడు తీగ మీద వెళ్తున్న ఆ సగం ఫ్రేమ్‌కు చెక్కుచెదరని ఎఫ్‌సీఎస్ ఉంది. దాన్ని అందుకున్న యంత్రం డేటా పాడైందని ఎఫ్‌సీఎస్‌ను బట్టి ఎప్పటికీ తెలుసుకోలేదు. పాడైన డేటాకు మంచిదన్న ముద్ర వేసి పంపడం కన్నా ప్యాకెట్‌ను పోగొట్టడం ఎంతో నయం. పోయిన ప్యాకెట్‌ను తిరిగి పంపించుకునే ఏర్పాటు టీసీపీ వంటి పై ప్రోటోకాల్స్‌లో ఉంటుంది.

బఫర్‌లో పూర్తిగా పట్టింది, ఎఫ్‌సీఎస్ కూడా సరిగ్గానే ఉంది. అప్పుడూ డ్రాప్ చేయాలా?

తప్పనిసరి కాదు. ఎంటీయూ 1500గా ఉండి, 1600 బైట్ల ఫ్రేమ్ 2048 బైట్ల బఫర్‌లో సంపూర్ణంగా పడితే, దాన్ని పైకి పంపడం వల్ల మెమరీకి హాని లేదు. ఇవతల స్వీకరించే విషయంలో ఉదారంగా ఉండాలన్న పాత ఇంటర్నెట్ సూత్రం కూడా దీన్ని సమర్థిస్తుంది. చాలా డ్రైవర్లు ఇలాగే చేస్తాయి. ప్యాకెట్ ఈ యంత్రానికే చెందినదైతే పని జరిగిపోతుంది. ఇంకో చోటికి పంపాల్సినదైతే పై లేయర్ చూసుకుంటుంది. లినక్స్ బ్రిడ్జ్ బయటికి పంపే పోర్టు ఎంటీయూకు హెడర్ పొడవునూ, వీల్యాన్ కోసం 4 బైట్లనూ కలిపి, అంతకన్నా పెద్ద ఫ్రేమ్‌ను వదిలేస్తుంది. రౌటర్‌గా ఉంటే ఐపీవీ4 ప్యాకెట్‌ను ముక్కలు చేస్తుంది, లేదా ముక్కలు చేయవద్దన్న బిట్ ఉంటే పంపినవారికి ప్యాకెట్ చాలా పెద్దదని చెప్పే ఐసీఎంపీ సందేశం పంపుతుంది.

అయినా నేను డ్రాప్ వైపే మొగ్గడానికి ఒక ఆచరణాత్మకమైన కారణం ఉంది. ఉదారంగా ఉండే డ్రైవర్ తప్పుడు కాన్ఫిగరేషన్‌ను దాచిపెడుతుంది. అవతలి వైపు ఎంటీయూ తప్పుగా పెట్టినా ఏళ్ల తరబడి అంతా సవ్యంగానే నడుస్తుంది. ఒకరోజు కార్డు మారుస్తారు, లేదా కెర్నల్ అప్‌గ్రేడ్ చేస్తారు. కొత్త డ్రైవర్ బఫర్ కొంచెం చిన్నది, అంతటితో పెద్ద ప్యాకెట్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు అందరూ కొత్త డ్రైవర్‌నే తప్పుపడతారు. అసలు తప్పు ఎప్పుడో వేరే యంత్రంలో జరిగిందని కనుక్కోవడానికి రోజులు పడుతుంది.

వీల్యాన్ ట్యాగ్ కోసం అదనంగా 4 బైట్లు వదలాలని పదే పదే చెబుతారు. అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. ఈ పుటలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలని కోరుకుంటాను.

ఎంటీయూ 1500 అన్నప్పుడు పై లేయర్ 1500 బైట్ల డేటా ఇస్తుంది. హెడర్‌తో కలిపి 1514. ఆ ప్యాకెట్ వీల్యాన్ ఇంటర్‌ఫేస్ ద్వారా వెళ్తే మధ్యలో ట్యాగ్ చేరి, ఎఫ్‌సీఎస్ కాకుండా 1518 బైట్లు అవుతుంది. వీల్యాన్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ కూడా మామూలుగా 1500గానే ఉంటుంది కాబట్టి ఈ 1518 పూర్తిగా న్యాయమైన పొడవు. దీన్ని పరిమితి మించినదిగా లెక్కించే డ్రైవర్‌లోనే లోపం ఉంది. ఎంటీయూకు 14 మాత్రమే కలిపి గరిష్ఠ పొడవు లెక్కించిన డ్రైవర్లూ, ఎఫ్‌సీఎస్ కోసం 4 కలిపి వీల్యాన్ కోసం 4 కలపడం మరచిన డ్రైవర్లూ ఈ గుంటలోనే పడతాయి. రెండు నాలుగులూ ఒకే అంకె కావడం వల్ల కోడ్ చదివేవారు కూడా ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. అందుకే 18 అనో 22 అనో నేరుగా రాయకుండా, హెడర్‌కు, ఎఫ్‌సీఎస్‌కు, వీల్యాన్‌కు కెర్నల్‌లో ఉన్న స్థిరాంకాల పేర్లనే విడివిడిగా కూడి రాయాలి.

ఈ లోపం లక్షణాలు చూసేవారిని బాగా తికమక పెడతాయి. వీల్యాన్ మీద పింగ్ పనిచేస్తుంది. లాగిన్ అవుతారు. చిన్న చిన్న ఆదేశాలకు జవాబులు వస్తాయి. పెద్ద ఫైల్ కాపీ మొదలుపెట్టగానే నిలిచిపోతుంది. అదే ఫైల్ ట్యాగ్ లేని నెట్‌వర్క్ మీద సాఫీగా వెళ్తుంది. డేటా పొడవు 1496 బైట్ల దాకా పోతుంది, 1497 నుంచి పోదు అని తేలితే ఇక సందేహం అక్కర్లేదు, లోటు పడింది ఆ 4 బైట్లే.

ట్యాగ్ మీద ట్యాగ్ పెట్టే నెట్‌వర్క్‌లలో 8 బైట్లు కావాలి. బఫర్ ఎలాగూ 2048 బైట్లు ఉన్నప్పుడు హార్డ్‌వేర్ పరిమితిని మరో 4 పెంచి 1526 చేయడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. స్విచ్ చిప్ తన ట్యాగ్‌ను ఫ్రేమ్‌లో చేర్చి సీపీయూ పోర్టుకు పంపే బోర్డులలో ఆ ట్యాగ్ పొడవును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కార్డులోనే గరిష్ఠ పొడవు ఫిల్టర్ ఉంది. డ్రైవర్ మళ్లీ తనిఖీ చేయడం వృథా కాదా?

వృథా కాదు. హార్డ్‌వేర్ ఫిల్టర్ ఉంటే తప్పక వాడుకోవాలి, ఎందుకంటే అది చెడ్డ ఫ్రేమ్‌ను మెమరీ దాకా రానివ్వదు. కానీ దాని మీదే పూర్తిగా ఆధారపడరాదు. కార్డు డిస్క్రిప్టర్‌లో (ఒక్కో బఫర్ వివరాలు ఉండే చిన్న రికార్డులో) రాసిన పొడవును కూడా బయటి నుంచి వచ్చిన సమాచారంగానే చూడాలి. ఆ పొడవు బఫర్ పొడవు కన్నా ఎక్కువగా ఉందేమో చూసే ఒక్క పోలికకు పట్టే సమయం లెక్కలోకి రానిది.

2009వ సంవత్సరం దీనికి మంచి పాఠం. ఆ ఏడాది రియల్‌టెక్ కార్డులకు చెందిన ఆర్8169 డ్రైవర్‌లో పొడవైన ప్యాకెట్ వల్ల బఫర్ పొంగిపొర్లే లోపం బయటపడి, భద్రతా లోపాల జాబితా అయిన సీవీఈలో సీవీఈ-2009-1389గా నమోదైంది. దాన్ని సరిచేశారు. కానీ ఆ సవరణ సరిపోలేదని, ఎంటీయూ మించిన ఫ్రేమ్‌లతో ఇంకా దాడి చేయవచ్చని డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన 26వ కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో చూపించారు. అది సీవీఈ-2009-4537 అయింది. ఆ చిప్‌లలో పొడవు ఫిల్టర్ నమ్మదగినట్టు పనిచేయకపోవడమే చిక్కు. చివరికి ఆ డ్రైవర్ ప్రతి స్వీకరణ బఫర్‌నూ 16383 బైట్లుగా, అంటే డిస్క్రిప్టర్‌లోని 14 బిట్ల పొడవు గడిలో పట్టే అతి పెద్ద విలువగా పెట్టుకుంది. మెమరీ ఎక్కువ ఖర్చయినా, హార్డ్‌వేర్ ఏ పొడవు రాసినా బఫర్ దాటదన్న భరోసా దక్కింది. ఫిల్టర్‌ను నమ్మలేనప్పుడు ఇంతకన్నా నిజాయితీ గల పరిష్కారం నాకు కనిపించదు.

ఒకే ఫ్రేమ్ రెండు మూడు బఫర్లలో పడితే ఏం చేయాలి?

లోపాలు అన్నిటికన్నా ఎక్కువగా దాక్కునేది ఇక్కడే, కాబట్టి అడుగడుగునా చూద్దాం.

చాలా కార్డులు ఫ్రేమ్ ఒక బఫర్‌లో పట్టకపోతే మిగిలిన భాగాన్ని రింగ్‌లోని (కార్డు వరుసగా తిరిగి తిరిగి వాడే బఫర్ల జాబితాలోని) తర్వాతి బఫర్‌లో రాస్తాయి. ఫ్రేమ్ ముగిసిన డిస్క్రిప్టర్‌లో మాత్రమే ప్యాకెట్ ముగింపు బిట్‌ను పెడతాయి. ఒక్కో బఫర్ 2048 బైట్లు అనుకుందాం. 3000 బైట్ల ఫ్రేమ్ వచ్చింది. మొదటి డిస్క్రిప్టర్‌లో 2048 పొడవు ఉంటుంది, ముగింపు బిట్ ఉండదు. రెండవ దానిలో 952 పొడవు, ముగింపు బిట్ ఉంటాయి. ఒక ఫ్రేమ్ ఒకే బఫర్‌లో పట్టాలని భావించి రాసిన డ్రైవర్ మొదటి డిస్క్రిప్టర్‌ను చూసి, ముగింపు బిట్ లేదు కాబట్టి దాన్ని వదిలేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత రెండవ డిస్క్రిప్టర్‌కు వస్తుంది. దానికి ముగింపు బిట్ ఉంది, పొడవు న్యాయంగా ఉంది, లోపాల బిట్లేవీ లేవు. డ్రైవర్ దాన్ని ఒక కొత్త, సంపూర్ణమైన ప్యాకెట్‌గా భావించి పైకి పంపుతుంది.

అంటే ఒక ఫ్రేమ్ తోక ఇంకో ఫ్రేమ్‌గా మారిపోయింది. దాడి చేసేవారు సరిగ్గా 2049వ బైటు నుంచి ఒక నకిలీ ఈథర్‌నెట్ హెడర్, దాని వెనుక నకిలీ ఐపీ హెడర్ పెడితే, మధ్యలోని ఫైర్‌వాల్ బయటి ప్యాకెట్‌ను మాత్రమే చూసి వదిలిపెడుతుంది. లోపల దాగిన ప్యాకెట్ గమ్యం చేరాక బయటికి వస్తుంది. ఇది ఊహ కాదు. ఇంటెల్ కార్డుల ఈ1000 డ్రైవర్‌లో సీవీఈ-2009-4536గా నమోదైన లోపం ఇదే తరహాది.

పరిష్కారం చాలా చిన్నది, చూడటానికి అందమైనది కూడా. డ్రైవర్ రింగ్ స్థితిలో "వదిలేస్తున్నాను" అన్న ఒక గుర్తును ఉంచుకోవాలి. ముగింపు బిట్ లేని డిస్క్రిప్టర్ కనబడగానే ఆ గుర్తును పెట్టాలి. గుర్తు ఉన్నంతసేపు వచ్చే ప్రతి బఫర్‌నూ పైకి పంపకుండా రింగ్‌లోకి తిరిగి చేర్చాలి. ముగింపు బిట్ ఉన్న డిస్క్రిప్టర్ వచ్చాక, దాన్ని కూడా వదిలేసి, ఆ తర్వాతే గుర్తును తీసేయాలి. ఈ గుర్తు ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్‌గా ఉండకూడదు. మొదటి ముక్క ఒక పోల్ చక్రం (డ్రైవర్ రింగ్‌ను ఒకసారి చూసే విడత) చివర, రెండవ ముక్క తర్వాతి చక్రం మొదట రావచ్చు. గుర్తు రెండు చక్రాల మధ్య చెరిగిపోతే సవరణ చేసి ప్రయోజనం ఉండదు.

ఇంకొక సూక్ష్మం. 2050 బైట్ల ఫ్రేమ్ వస్తే రెండవ బఫర్‌లో పడేది 2 బైట్లు, అవి కూడా ఎఫ్‌సీఎస్‌లోని చివరి సగమే. డ్రైవర్ అలవాటుగా ఎఫ్‌సీఎస్ కోసం పొడవులో నుంచి 4 తీసేస్తే, రెండులో నుంచి నాలుగు పోదు. 32 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో ఫలితం 4294967294 అవుతుంది. ఆ పొడవుతో ముందుకెళ్తే కెర్నల్ కుప్పకూలుతుంది. సీవీఈ-2009-1385 ఈ కోవకు చెందిన అండర్‌ఫ్లో లోపమే. అందువల్ల తీసివేత చేసే ముందు పొడవు కనీసం 4 ఉందో లేదో చూడటం, అంతకన్నా మేలైనదిగా ముక్కలైన ఫ్రేమ్‌ను ఆ లెక్క దాకా రానివ్వకపోవడం అవసరం. పెద్ద ఫ్రేమ్‌ల గురించి ఆలోచించేటప్పుడు వాటి చివరి ముక్క అతి చిన్నదిగా ఉండవచ్చన్న సంగతి సులభంగా మరుగున పడుతుంది.

బఫర్ పొడవును ఎలా లెక్కించాలి?

గరిష్ఠ ఫ్రేమ్ పొడవుతో మొదలుపెట్టండి: ఎంటీయూ, 14 బైట్ల హెడర్, వీల్యాన్ కోసం 4 లేదా 8, కార్డు ఎఫ్‌సీఎస్‌ను కూడా మెమరీలో రాస్తే దానికి 4. ఐపీ హెడర్ సరైన సరిహద్దు మీద పడేందుకు ముందు వదిలే 2 బైట్లు, ఇతర హెడ్‌రూమ్ కార్డుకు ఇచ్చే చోటులో భాగం కావు. వాటిని కలిపి లెక్కించి, ఆ మొత్తాన్ని కార్డుకు బఫర్ పొడవుగా చెబితే చివర అన్ని బైట్లు బయటికి పొర్లుతాయి. లినక్స్‌లో డేటా ప్రాంతం ముగిసిన వెంటనే ఆ ప్యాకెట్ నిర్వహణ సమాచారం ఉంటుంది కాబట్టి, కొద్ది బైట్లు పొర్లినా ప్రమాదకరమే.

కొన్ని కార్డులు బఫర్ పొడవును 1 కేబీ అంచెలలోనే అర్థం చేసుకుంటాయి. 1536 బైట్ల బఫర్ ఇచ్చి రిజిస్టర్‌లో 2 కేబీ అని రాస్తే కార్డు 2048 దాకా రాసుకుపోతుంది. ఎప్పుడూ కేటాయింపును పైకి, కార్డుకు చెప్పే పొడవును కిందికి సవరించాలి. ఐఓఎంఎంయూ (పరికరం ఏ మెమరీని తాకవచ్చో నియంత్రించే హార్డ్‌వేర్) కాపాడుతుందని అనుకోవద్దు, అది పేజీల లెక్కన పనిచేస్తుంది. ఒకే 4096 బైట్ల పేజీలో రెండు బఫర్లు ఉంటే ఒకటి రెండవదాని మీదికి పొర్లడాన్ని అది ఆపలేదు.

డ్రాప్ చేసినదాన్ని ఏ కౌంటర్‌లో చూపాలి?

లినక్స్‌లో పొడవు సరిగాలేని ఫ్రేమ్‌లకు ఆర్‌ఎక్స్ లెంగ్త్ ఎర్రర్స్ అనే కౌంటర్ ఉంది. కార్డు అతి పొడవు కారణంగా తిరస్కరించిన ఫ్రేమ్‌ల సంఖ్యను అందులో చూపి, మొత్తం ఆర్‌ఎక్స్ ఎర్రర్స్‌లోనూ కలపాలి. ఆర్‌ఎక్స్ ఓవర్ ఎర్రర్స్ సంగతి కొంచెం మెలికతో కూడినది. చారిత్రకంగా అది ఫైఫో (కార్డులోని తాత్కాలిక నిల్వ) పొంగిన సందర్భాల లెక్క. కానీ వేగవంతమైన ఇంటర్‌ఫేస్‌ల విషయంలో, హోస్ట్ ఇచ్చిన బఫర్లలో పట్టక పోయిన ప్యాకెట్లను, ఎంటీయూ మించినవాటితో సహా, అందులో లెక్కించమని కెర్నల్ సిఫారసు చేస్తుంది. కాబట్టి ప్రమాణాన్ని ఉల్లంఘించిన పొడవు మొదటిదానిలోకి, మన బఫర్ చాలకపోవడం రెండవదానిలోకి వెళ్తాయని గుర్తుంచుకోవచ్చు. బఫర్లు ఖాళీ లేక పోయిన ప్యాకెట్లకు ఆర్‌ఎక్స్ మిస్డ్ ఎర్రర్స్ వేరుగా ఉంది. వాటిని ఇందులో కలిపితే చూసేవారు దారి తప్పుతారు.

మూడు బఫర్లలో పడిన ఒక ఫ్రేమ్‌ను వదిలేసినప్పుడు కౌంటర్ ఒకటే పెరగాలి, మూడు కాదు. హార్డ్‌వేర్ ఇప్పటికే లెక్కించినదాన్ని డ్రైవర్ మళ్లీ లెక్కించకూడదు. పొడవు మించి ఎఫ్‌సీఎస్ కూడా చెడిన ఫ్రేమ్‌లను జాబర్ అంటారు. ఎఫ్‌సీఎస్ మంచిగా ఉన్న పొడవైన ఫ్రేమ్ ఎంటీయూ పొరపాటును సూచిస్తే, జాబర్ పాడైన కార్డునో తీగనో సూచిస్తుంది. కార్డు వాటిని విడిగా లెక్కిస్తుంటే ఈథ్‌టూల్ (కార్డు వివరాలు చూపే ఆదేశం) గణాంకాలలో విడిగానే చూపండి.

ప్రతి డ్రాప్‌నూ లాగ్‌లో రాయాలా?

వద్దు. ప్యాకెట్‌కు ఒక వాక్యం చొప్పున లాగ్ రాసే డ్రైవర్ ఉన్న యంత్రాన్ని, పెద్ద ఫ్రేమ్‌లను వరుసగా పంపి ఎవరైనా స్తంభింపజేయగలరు. కౌంటర్ చాలు. తప్పదనుకుంటే రేటు పరిమితితో, డీబగ్ స్థాయిలో రాయండి.

పంపినవారికి తెలియజేయడం డ్రైవర్ బాధ్యత కాదా?

కాదు, ఈథర్‌నెట్‌లో అందుకు మార్గమే లేదు. ప్యాకెట్ చాలా పెద్దదన్న ఐసీఎంపీ సందేశం, అంటే ఐపీవీ4లో 3వ రకం 4వ కోడ్, ఐపీవీ6లో 2వ రకం, ఐపీ లేయర్‌లో రౌటర్ పంపేది. ఎంటీయూ మారే చోట రౌటర్ ఉంటేనే అది పనిచేస్తుంది. ఒకే సెగ్మెంట్‌లోని రెండు యంత్రాల మధ్య తేడా ఉంటే పెద్ద ఫ్రేమ్ చప్పుడు లేకుండా పోతుంది. అందుకే కౌంటర్ సరిగ్గా ఉండాలని ఇంత పట్టుబడుతున్నాను. ఆ నష్టానికి సాక్ష్యం ఆ ఒక్క అంకె మాత్రమే.

టీసీపీకి ఈ చిక్కు కొంత తక్కువ. ప్రతి కొసా తన ఎంటీయూను బట్టి ఎంఎస్‌ఎస్ (ఒక ప్యాకెట్‌లో తాను తీసుకోగల గరిష్ఠ టీసీపీ డేటా) ప్రకటిస్తుంది, 1500కు అది 1460. అవతలి యంత్రం 9000 ఎంటీయూతో ఉన్నా ఆ హద్దును పాటిస్తుంది. యూడీపీకి అలాంటి కట్టడి లేదు కాబట్టి ఎంటీయూ తేడాలు మొదట దానిలోనే బయటపడతాయి.

జంబో ఫ్రేమ్‌లను ఎలా చూడాలి?

1500 బైట్లు దాటిన డేటా ఉండే ఫ్రేమ్‌లను జంబో ఫ్రేమ్‌లంటారు. 9000 ఎంటీయూ వాడుక ఎంత విస్తృతమైనా, ఐఈఈఈ 802.3 ప్రమాణం దాన్ని గుర్తించలేదు. 2006లో వచ్చిన 802.3ఏఎస్ సవరణ ఫ్రేమ్‌ను 2000 బైట్ల దాకా మాత్రమే పెంచింది, అదీ ట్యాగ్‌ల వంటి అదనపు హెడర్ల కోసమే, డేటా 1500 దాటడానికి కాదు. అందువల్ల ఒక్కో తయారీదారు గరిష్ఠం ఒక్కోలా ఉంటుంది. డ్రైవర్ తన నిజమైన గరిష్ఠ ఎంటీయూను కెర్నల్‌కు చెప్పాలి. 4.10 నుంచి లినక్స్‌లో దానికి ప్రత్యేక గడి ఉంది, అడిగిన విలువ దాన్ని మించితే కెర్నలే తిరస్కరిస్తుంది. ఎంటీయూ 9000 అయితే ఎఫ్‌సీఎస్, ఒక వీల్యాన్ ట్యాగ్‌తో కలిపి ఫ్రేమ్ 9022 బైట్లు. హార్డ్‌వేర్ 9018 దాకా మాత్రమే తీసుకోగలిగితే 8996 అని ప్రకటించడమే సరైనది.

ఎంటీయూ మారుస్తున్న క్షణంలో వచ్చే ప్యాకెట్ల సంగతేమిటి?

ఎంటీయూ పెంచేటప్పుడు ముందు పెద్ద బఫర్లు సిద్ధం కావాలి, ఆ తర్వాతే హార్డ్‌వేర్ పరిమితిని పెంచాలి. ఈ క్రమం తారుమారైతే మధ్యలో వచ్చిన పెద్ద ఫ్రేమ్ చిన్న బఫర్‌లోకి దిగుతుంది. తగ్గించేటప్పుడు దీనికి వ్యతిరేక క్రమం పాటించాలి. స్వీకరణను ఆపి, రింగ్ ఖాళీ చేసి, మార్చి, మళ్లీ మొదలుపెట్టడం తేలికైన పద్ధతి. అయితే కొత్త బఫర్లు దొరికాకే పాతవాటిని వదలండి. మెమరీ దొరకలేదని మధ్యలో ఆగిపోతే ఇంటర్‌ఫేస్ పాత ఎంటీయూతోనైనా బతికి ఉండాలి.

క్యాప్చర్‌లో 20 వేల బైట్ల ప్యాకెట్ కనిపించింది. డ్రైవర్ దాన్ని ఎలా రానిచ్చింది?

అది తీగ మీద అలా రాలేదు. ఒకే కనెక్షన్‌కు చెందిన చిన్న ప్యాకెట్లను కెర్నల్‌లోని జీఆర్‌ఓ గానీ, కార్డులోని ఎల్‌ఆర్‌ఓ గానీ కలిపి ఒక్కటిగా పైకి అందించింది. పొడవు తనిఖీ ఈ కలపడానికి ముందే, ఒక్కో ఫ్రేమ్ మీద జరగాలి. కలిపిన తర్వాత ఎంటీయూతో పోల్చి డ్రాప్ చేసే డ్రైవర్ మంచి ట్రాఫిక్‌నే చంపుతుంది. ఎల్‌ఆర్‌ఓ కలిపినదాన్ని ముందున్నట్టుగా తిరిగి విడదీయడం సాధ్యం కాదు కాబట్టి, రౌటింగ్, బ్రిడ్జింగ్ చేసే యంత్రాలలో అది ఆపివేసి ఉండాలి.

వర్చువల్ కార్డులకు, ఎక్స్‌డీపీకి కూడా ఇవే నియమాలా?

సూత్రం అదే. వర్చువల్ కార్డుల ప్రమాణమైన వర్టియో నెట్‌లో ఎంటీయూ ఫీచర్‌కు ఒప్పుకున్న డ్రైవర్ కనీసం ఆ ఎంటీయూ, ఈథర్‌నెట్ హెడర్ కలిపి పట్టే ఒక ప్యాకెట్‌కు చాలినన్ని బఫర్లు ఇచ్చి తీరాలని ఆ స్పెసిఫికేషన్ కోరుతుంది. ఎక్స్‌డీపీ ప్రోగ్రామ్ (ప్యాకెట్లను డ్రైవర్ దగ్గరే చూసే చిన్న ప్రోగ్రామ్) మొదట్లో ఒకే వరుస బఫర్‌ను మాత్రమే చూడగలిగేది. ఒకటి కన్నా ఎక్కువ బఫర్ల మద్దతు లినక్స్ 5.18లో వచ్చింది. ఆ మద్దతు లేని ప్రోగ్రామ్‌ను తగిలిస్తున్నప్పుడు ఎంటీయూ ఒక బఫర్‌లో పట్టకపోతే, డ్రైవర్ అప్పుడే తిరస్కరించాలి. తర్వాత ప్యాకెట్లను ముక్కలుగా చూపించడం తప్పు.

ఇదంతా పరీక్షించేది ఎలా?

రెండు యంత్రాలను స్విచ్ లేకుండా నేరుగా కలపండి, లేకపోతే మధ్యలోని స్విచ్చే పెద్ద ఫ్రేమ్‌లను మింగేసి మీ డ్రైవర్‌కు మంచి పేరు తెచ్చిపెడుతుంది. పంపే యంత్రానికి 9000 ఎంటీయూ పెట్టి, రా సాకెట్ (ఫ్రేమ్‌ను మనమే పూర్తిగా తయారుచేసి పంపే మార్గం) నుంచి కావలసిన పొడవు గల ఫ్రేమ్‌లు పంపండి. పొడవులను ఇష్టం వచ్చినట్టు కాక సరిహద్దుల దగ్గర ఎంచుకోండి: గరిష్ఠానికి ఒకటి తక్కువ, సరిగ్గా గరిష్ఠం, ఒకటి ఎక్కువ. తర్వాత బఫర్ పొడవు, దానికి ఒకటి నుంచి ఐదు దాకా కలిపినవి. తర్వాత రెండు బఫర్ల పొడవు, దాని చుట్టుపక్కలవి. ఇవన్నీ ట్యాగ్‌తో ఒకసారి, ట్యాగ్ లేకుండా ఒకసారి.

ప్రతి పెద్ద ఫ్రేమ్ వెనుక ఒక మామూలు ఫ్రేమ్ పంపి, అది చెక్కుచెదరకుండా అందిందో లేదో చూడండి. నేను సమీక్షించిన ఒక డ్రైవర్ పెద్ద ఫ్రేమ్‌ను చక్కగా వదిలేసేది, కానీ ఆ దారిలో డిస్క్రిప్టర్‌ను రింగ్‌కు తిరిగి ఇవ్వడం మరచిపోయేది. రింగ్‌లో ఎన్ని డిస్క్రిప్టర్లు ఉంటే అన్ని పెద్ద ఫ్రేమ్‌లు వచ్చాక ఇంటర్‌ఫేస్ మౌనం వహించేది. ఒక్కో పరీక్షకు పది ఫ్రేమ్‌లు పంపినంత కాలం ఆ లోపం కనబడలేదు. కాబట్టి రింగ్ పొడవుకు కనీసం రెండింతల ఫ్రేమ్‌లు పంపండి. కెర్నల్ అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసి ఒకసారి, లేకుండా ఒకసారి నడపండి. అయితే కార్డు నేరుగా మెమరీలో రాసినది శానిటైజర్‌కు కనిపించదు. ఆ పొంగును పట్టుకోవాలంటే బఫర్ తర్వాతి బైట్లలో ముందే ఒక గుర్తు విలువ నింపి, ఫ్రేమ్ వచ్చాక అది మారిందో లేదో చూడాలి.

నేను డ్రైవర్లు రాయను. నా సర్వర్‌లో ఆర్‌ఎక్స్ లెంగ్త్ ఎర్రర్స్ పెరుగుతోంది. ఏం చేయాలి?

ముందుగా మీ ఎంటీయూ పెంచేయవద్దు. ఆ సెగ్మెంట్‌లో ఉండాల్సిన విలువ ఎంతో తెలుసుకోండి. తర్వాత ముక్కలు చేయవద్దన్న ఎంపికతో పింగ్ పంపి చూడండి: 1500 ఎంటీయూకు 1472 బైట్లు, 9000కు 8972, ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 బైట్లు పోగా మిగిలేవి అవే. ఆ పొడవు ఇరువైపులా వెళ్తూ కౌంటర్ మాత్రం పెరుగుతుంటే, సెగ్మెంట్‌లో ఇంకెవరో పెద్ద ఎంటీయూతో ఉన్నారు. బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ పంపే యంత్రాలను ముందుగా అనుమానించండి. వీల్యాన్ మీద మాత్రమే విఫలమవుతుంటే 1468 బైట్లతో ప్రయత్నించండి. అది వెళ్లి 1472 వెళ్లకపోతే కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్, ఈథ్‌టూల్ గణాంకాలు, విఫలమైన కచ్చితమైన పొడవు జతచేసి డ్రైవర్ నిర్వాహకులకు రాయండి. ఆ పొడవు ఉంటే వారు నేరుగా గరిష్ఠ ఫ్రేమ్ లెక్కించే వరుసకే వెళ్లి చూడగలరు.